క్యాసినో ప్రమోషన్‌కు విలువ కట్టడం ఎలా: వీడియో పోకర్ ఆడేవారికి ఒక లెక్కల పద్ధతి

విజయనగరంలో నేను గణాంకశాస్త్రం బోధించిన రోజుల్లో నా దగ్గర చదువుకున్న శ్రీకాకుళం జిల్లా కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, లాస్ వేగాస్‌కు దగ్గరలో స్థిరపడి ఉన్నాడు. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని, ‘‘మాస్టారూ, అక్కడి క్యాసినోలు వారానికొక ప్రమోషన్, అంటే ఆటగాళ్లను రప్పించే కానుకల పథకం, ప్రకటిస్తాయి. వీడియో పోకర్‌నే వృత్తిగా పెట్టుకుని ఆ ప్రమోషన్ల మీదనే సంపాదించేవాళ్లు కొందరు ఉన్నారు. ఏ ప్రమోషన్ లాభమో, ఏది వట్టి ఆశో తేల్చుకోవడానికి మీరు ఒక పద్ధతి రాసి ఇవ్వాలి’’ అని అడిగాడు. వాడికి రాసి ఇచ్చినదాన్నే కొంచెం విస్తరించి ఇక్కడ పెడుతున్నాను. మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడ ఉంటున్నవారు, పిల్లల దగ్గరకు వెళ్లి నెలా రెండు నెలలు ఉండివచ్చే పెద్దలు చాలామంది ఉన్నారు కనుక ఈ లెక్క వారికి కూడా పనికి వస్తుందని నా నమ్మకం.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది; 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించారు; 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఫోనులోకి వచ్చే ‘స్వాగత బోనస్’ సందేశాలకు ఈ వ్యాసంలోని లెక్కను అన్వయించకూడదు. చట్టం ఒక కారణమైతే, లెక్క పరంగా మరొక కారణం కూడా ఉంది. నెవాడా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం, పేకముక్కలను చూపించే యంత్రంలో ఒక్కొక్క ముక్క వచ్చే అవకాశం నిజమైన పేకలో ఎంతో అంతే ఉండాలి. 52 ముక్కల నుంచి ఐదింటిని ఎంచుకునే విధానాలు 25,98,960 ఉన్నాయి. అవన్నీ సమాన అవకాశంతో వస్తాయన్న ఆ హామీ మీదనే కింద చెప్పబోయే ప్రతి అంకె నిలబడుతుంది. ఎవరి పర్యవేక్షణా లేని యాప్‌లో ఆ హామీ ఉండదు. హామీ లేనిచోట లెక్క కట్టడానికి ఆధారమే లేదు.

వీడియో పోకర్ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. యంత్రం ఐదు ముక్కలు పంచుతుంది. కావలసినవి ఉంచుకుని మిగిలినవాటిని ఒక్కసారి మార్చుకోవచ్చు. చివరికి చేతిలో ఉన్న ఐదు ముక్కలను బట్టి, యంత్రం మీద రాసి ఉన్న పట్టిక ప్రకారం డబ్బు వస్తుంది. ఎదుట వేరే ఆటగాడు ఉండడు. 1979లో సై రెడ్ నడిపిన సంస్థ, అంటే తరువాతి కాలంలో ఐజీటీగా పేరొందిన కంపెనీ, డ్రా పోకర్ యంత్రాన్ని విడుదల చేసిన తరువాత ఈ ఆట బాగా వ్యాపించింది. మామూలు స్లాట్ యంత్రం ఎంత తిరిగి ఇస్తుందో బయటివాడికి తెలిసే మార్గం లేదు. వీడియో పోకర్‌లో మాత్రం పట్టిక చూడగానే తెలిసిపోతుంది. వృత్తి ఆటగాళ్లు ఈ ఒక్క ఆటను పట్టుకుని ఉండడానికి ప్రధాన కారణం ఇదే.

మొదటి పని: పట్టిక చదవడం

ప్రమోషన్ కాగితం చూడకముందే యంత్రం పట్టిక చూడాలి. అన్నిటికన్నా సామాన్యమైన ‘జాక్స్ ఆర్ బెటర్’ ఆటనే తీసుకుందాం. ఇందులో జాకీ జత మొదలుకొని పై జతలకు పెట్టిన పందెం తిరిగి వస్తుంది. రెండు జతలకు 2, మూడు ఒకే రకానికి 3, స్ట్రెయిట్‌కు (ఐదు వరుస ముక్కలు) 4, నాలుగు ఒకే రకానికి 25, స్ట్రెయిట్ ఫ్లష్‌కు (ఒకే రంగులో, అంటే ఒకే గుర్తులో, ఐదు వరుస ముక్కలు) 50 రెట్లు వస్తాయి. ఐదు కాయిన్లు పెట్టి ఆడితే రాయల్ ఫ్లష్‌కు (ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు) 800 రెట్లు ఇస్తారు. ఈ అంకెలను క్యాసినోలు సాధారణంగా కదపవు. కదిపేవి ఫుల్ హౌస్ (మూడు ఒకే రకం, ఒక జత), ఫ్లష్ (ఐదూ ఒకే రంగు) అనే రెండు వరుసలను మాత్రమే. ఫుల్ హౌస్‌కు 9, ఫ్లష్‌కు 6 ఇచ్చే పట్టికను 9/6 అంటారు. తప్పు లేకుండా ఆడితే అది దీర్ఘకాలంలో నూటికి 99.54 తిరిగి ఇస్తుంది. 9/5 అయితే 98.45, 8/5 అయితే 97.30, 7/5 అయితే 96.15, 6/5 అయితే 95.00.

ఒక్క అంకె తగ్గితే నూటికి దాదాపు 1.1 పోతోందని గమనించండి. ఫుల్ హౌస్ సుమారు 87 ఆటలకు ఒకసారి, ఫ్లష్ సుమారు 91 ఆటలకు ఒకసారి వస్తాయి కనుక ఆ రెండు వరుసల్లో తగ్గించిన ప్రతి అంకె ఆ మేరకు రాబడిని కోస్తుంది. నిజంగా మంచి ప్రమోషన్ ఒకటి కలిపేది కూడా నూటికి అర నుంచి ఒకటి వరకే. అంటే పట్టికలో ఒక్క అంకె పొరపాటున చూసుకోకపోతే, ప్రమోషన్ ఇచ్చినదంతా అక్కడే తిరిగి వెళ్లిపోతుంది.

ఒకే యంత్రంలో పందెం స్థాయిని, అంటే ఒక్కొక్క కాయిన్ విలువను, బట్టి పట్టిక మారుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. పావు డాలరు స్థాయిలో 8/5 చూపించిన యంత్రమే ఒక డాలరు స్థాయికి మార్చగానే 9/6 చూపించవచ్చు. కాబట్టి తెర మీద ఆట పేరు చూసి కూర్చోకుండా, మీరు ఆడబోయే స్థాయిని ఎంచుకున్న తరువాతనే పట్టిక చదవండి. ఐదు కాయిన్లూ పెట్టడం తప్పనిసరి. ఒకటి నుంచి నాలుగు కాయిన్లతో ఆడితే రాయల్ ఫ్లష్‌కు 250 రెట్లే వస్తాయి; ఆ ఒక్క తేడాకు రాబడి ఒక శాతానికి పైగా పడిపోతుంది. డబ్బు తక్కువగా ఉన్నవారు కాయిన్లు తగ్గించుకోకుండా, తక్కువ స్థాయి యంత్రానికి మారి ఐదూ పెట్టాలి.

తప్పు లేకుండా ఆడితే నూటికి నూరు దాటి ఇచ్చే పట్టికలు కూడా లేకపోలేదు. రెండ్లు అన్నీ జోకర్లుగా చెల్లే డ్యూసెస్ వైల్డ్ పూర్తి పట్టిక 100.76, 10/7 డబుల్ బోనస్ 100.17 ఇస్తాయి. ఇప్పుడవి అరుదు. కనబడినచోట కూడా పాయింట్ల ప్రమోషన్‌కు అవి వర్తించవని తరచుగా చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది.

రెండవ పని: చేతిలోని తప్పులు తీసివేయడం

99.54 అన్నది ప్రతి చేతినీ సరిగ్గా ఆడినవాడికి వచ్చే అంకె. మన వైపు రమ్మీ బాగా ఆడేవారు కూడా ఇక్కడ అలవాటు కొద్దీ తప్పు చేస్తారు. ఒక ఉదాహరణ చూడండి. మీకు ఆఠీను ఆసు, రాజు, రాణి, జాకీ, వాటితో పాటు ఆఠీను ఐదు వచ్చాయి. ఫ్లష్ సిద్ధంగా ఉంది, ఆరు రెట్లు ఖాయం. ఐదును పారేసి రాయల్‌కు ప్రయత్నించాలా? మిగిలిన 47 ముక్కలలో ఆఠీను పది ఒక్కటి వస్తే 800. ఇతర ఆఠీన్లు ఏడు, ఒక్కొక్కదానికి 6 చొప్పున 42. వేరే రంగుల పదులు మూడు, స్ట్రెయిట్‌కు 4 చొప్పున 12. జత కలిపే ఆసులు, రాజులు, రాణులు, జాకీలు పన్నెండు, 1 చొప్పున 12. మొత్తం 866. దానిని 47తో భాగిస్తే 18.4. చేతిలో ఉన్నది 6. ఐదును నిస్సంకోచంగా పారేయాలి.

అలాగే ఐదుల జతతో పాటు 6, 7, 8 వచ్చాయనుకోండి. వరుస కలుపుదామని మనసు లాగుతుంది. వరుసకు పనికివచ్చే ముక్కలు నాలుగూ తొమ్మిదీ కలిపి ఎనిమిది. 4 చొప్పున 32ను 47తో భాగిస్తే 0.68. చిన్న జతను ఉంచుకుంటే దాని విలువ 0.82. జతనే ఉంచాలి. అదే నాలుగు ముక్కలు ఒకే రంగువైతే లెక్క తిరగబడుతుంది. అప్పుడు చిన్న జతను వదులుకుని ఫ్లష్‌కు వెళ్లాలి. జాకీ లేదా అంతకన్నా పెద్ద జత ఉన్నప్పుడు మాత్రం ఫ్లష్ ఆశను వదులుకుని జతనే ఉంచాలి. జతతో పాటు ఆసును ‘తోడు’గా ఉంచుకోవడం మన పేకాటలో సహజమే కాని, ఈ ఆటలో అది నష్టం.

ఇటువంటి క్రమాలన్నీ కలిపి ఒక జాబితాగా దొరుకుతాయి. డబ్బు పెట్టకుండా సాధన చేయడానికి, ప్రతి తప్పునూ అప్పటికప్పుడు చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నా శిష్యుడికి నేను పెట్టిన షరతు ఒక్కటే: ఇంట్లో వరుసగా వెయ్యి చేతులు ఆడి, ఒక్క పెద్ద తప్పు కూడా రాని రోజు వచ్చేదాకా ఏ ప్రమోషన్ కాగితమూ ముట్టుకోవద్దన్నాను. వాడికి దాదాపు రెండు నెలలు పట్టింది.

మూడవ పని: ప్రమోషన్‌ను శాతంలోకి మార్చడం

అసలు విద్య ఇక్కడ ఉంది. క్యాసినో తన ప్రమోషన్‌ను పాయింట్లలో, టికెట్లలో, కానుకలలో, భోజనాలలో చెబుతుంది. మీరు వాటన్నిటినీ ఒకే కొలతలోకి, అంటే యంత్రంలో తిరిగిన మొత్తం పందెం మీద ఇంత శాతం అన్న మాటలోకి మార్చుకోవాలి. ఆ మొత్తం పందేన్ని అక్కడ కాయిన్ ఇన్ అంటారు. జేబులోంచి తీసిన డబ్బు ఇదేనని పొరపడవద్దు. గెలిచిన డబ్బును మళ్లీ పందెం పెడితే అదీ ఇందులోకే వస్తుంది. పావు డాలరు యంత్రంలో ఐదు కాయిన్లంటే ఆటకు 1.25 డాలర్లు. గంటకు 700 ఆటలు ఆడితే, జేబులో నుంచి వంద డాలర్లే బయటకు వచ్చినా కాయిన్ ఇన్ 875 డాలర్లు.

పాయింట్లతో మొదలుపెడదాం. మచ్చుకు ఒక క్యాసినో వీడియో పోకర్‌లో ప్రతి 2 డాలర్లకు ఒక పాయింటు ఇచ్చి, 400 పాయింట్లకు ఒక డాలరు ఇస్తుందనుకోండి. 800 డాలర్లు తిరిగితే ఒక డాలరు, అంటే 0.125 శాతం. 9/6 యంత్రంలో లోటు 0.46 శాతం. ‘మూడు రెట్ల పాయింట్ల దినం’ అని పెద్ద బోర్డు కట్టినా వచ్చేది 0.375, మొత్తం 99.915 అవుతుంది, ఇంకా నూరు దాటలేదు. నాలుగు రెట్లయితే 100.04, బొటాబొటీగా గట్టెక్కుతుంది. ఆరు రెట్లయితే 0.75 కలిసి 100.29 అవుతుంది, అప్పుడు మొగ్గు ఆటగాడి వైపు ఉంటుంది. అదే 8/5 యంత్రం ముందు కూర్చున్నవాడికి లోటు 2.70 కనుక, గట్టెక్కడానికి ఇరవై రెండు రెట్లు కావాలి. అటువంటి దినాన్ని ఎవరూ ప్రకటించరు.

నా శిష్యుడు మొదట్లో పడిన పొరపాటు సరిగ్గా ఇక్కడే. ఐదు రెట్ల పాయింట్లని విని ఒక క్యాసినోకు వెళ్లాడు. 9/6 యంత్రాలన్నీ నిండి ఉన్నాయి. ‘వచ్చాం కదా’ అని పక్కనే ఉన్న 8/5 ముందు నాలుగు గంటలు కూర్చున్నాడు. 3,500 డాలర్లు తిరిగాయి, 97.30కి 0.625 కలిపితే 97.925, అంటే లెక్క ప్రకారం నష్టం సుమారు 73 డాలర్లు. ఆ రోజు అదృష్టం కలిసివచ్చి నలభై డాలర్లు మిగిలాయి కనుక ప్రమోషన్ మంచిదేనని ఆరు నెలలు నమ్మాడు. ఒక రోజు చేతికి వచ్చిన డబ్బును బట్టి ప్రమోషన్‌ను కొలవకూడదని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఫ్రీ ప్లే అన్నది యంత్రంలో ఒక్కసారి ఆడితే నగదుగా మారే సొమ్ము. 9/6 యంత్రంలో ఆడితే వంద డాలర్ల ఫ్రీ ప్లే విలువ సగటున 99.54 డాలర్లు. దీనికన్నా శుభ్రమైన ప్రమోషన్ మరొకటి లేదు. క్యాసినో ఇంటికి పంపే ఉత్తరాలలో వచ్చే ఫ్రీ ప్లేనే చాలామంది వృత్తి ఆటగాళ్లకు అసలు ఆదాయం. అయితే ఆ ఉత్తరం ఇంతకుముందు మీరు ఆడిన ఆటను బట్టి వస్తుంది కనుక, దాన్ని సంపాదించడానికి పడిన నష్టాన్ని కూడా అదే పద్దులో రాసుకోవాలి.

‘నాలుగు ఒకే రకం వస్తే అదనపు బహుమతి’ అనేది నాకు ఇష్టమైన లెక్క, ఎందుకంటే ఇందులో ఊహించవలసింది ఏదీ లేదు. 9/6లో ఆ చేయి 423 ఆటలకు ఒకసారి, అంటే గంటకు 700 ఆటల వేగంలో సుమారు 36 నిమిషాలకు ఒకసారి వస్తుంది. పావు డాలరు యంత్రంలో దానికి 5 డాలర్ల ఫ్రీ ప్లే అదనంగా ఇస్తారనుకోండి. 5ను 423తో భాగిస్తే ఆటకు 1.18 సెంట్లు, 1.25 డాలర్ల పందెం మీద అది 0.95 శాతం. మొత్తం 100.49. ఇదే బహుమతిని డాలరు యంత్రానికి కూడా 5 డాలర్లుగానే ఉంచితే, అక్కడ పందెం 5 డాలర్లు కనుక విలువ 0.24 శాతానికి పడిపోతుంది, మొత్తం 99.78 మాత్రమే. ఒకే ప్రమోషన్ చిన్న పందెం ఆడేవాడికి లాభం, పెద్ద పందెం ఆడేవాడికి నష్టం. రోజుకు ఇన్ని మాత్రమే అన్న పరిమితి ఉందా, బహుమతి ఇచ్చేదాకా యంత్రం ఆపి కూర్చోవాలా అన్నవి ముందే అడగాలి. ప్రతిసారీ ఉద్యోగి వచ్చి చూసి వెళ్లడానికి పది నిమిషాలు పడితే గంటకు పడే ఆటలు తగ్గుతాయి.

లాటరీ డ్రాల విషయంలో ఊహ కొంత తప్పదు. పదిమందికి తలా 1,000 డాలర్లు, ప్రతి 10 డాలర్ల ఆటకు ఒక టికెట్ అనుకుందాం. మీరు 4,000 డాలర్లు తిప్పి 400 టికెట్లు సంపాదించారు. డ్రమ్ములో మొత్తం రెండు లక్షల టికెట్లు ఉంటే మీ వాటా 10,000 డాలర్లలో ఐదువందవ వంతు, అంటే 20 డాలర్లు. 9/6లో 4,000 తిప్పినందుకు లెక్క ప్రకారం పోయేది 18.40. మిగిలేది డాలరున్నర; దానికోసం రాత్రి ఎనిమిదింటికి పేరు పిలిచేటప్పుడు అక్కడ హాజరై ఉండాలి. నా ఉద్దేశంలో, ఆటకు సంబంధం లేకుండా రోజూ ఉచితంగా ఇచ్చే టికెట్లు ఉంటే తప్ప డ్రాల కోసం ప్రత్యేకంగా ఆడడం శ్రమకు తగినది కాదు. రద్దీ తక్కువగా ఉండే చిన్న క్యాసినోలలో మాత్రం మీ వాటా పెరుగుతుంది. అక్కడ డ్రమ్ము ఎంత నిండిందో కంటితో చూసి అంచనా వేయవచ్చు.

కొత్తగా సభ్యులైనవారికి ‘మొదటి రోజు 100 డాలర్ల వరకు పోతే తిరిగి ఇస్తాం’ అనే ప్రమోషన్‌కు లెక్క వేరు. ఇక్కడ జాగ్రత్తగా, నెమ్మదిగా ఆడేవాడికి తక్కువ లాభం. వంద డాలర్లతో మొదలుపెట్టి, రెండు వందలు కాగానే లేదా అంతా పోగానే లేవాలని నిశ్చయించుకుంటే, రెంటికీ అవకాశం దాదాపు సమానం. పోయినప్పుడు వంద ఫ్రీ ప్లే తిరిగి వస్తుంది కనుక ప్రమోషన్ విలువ సుమారు 50 డాలర్లు. ఐదు వందలు అయ్యేదాకా లేవనని నిశ్చయించుకుంటే పోయే అవకాశం సుమారు ఐదింట నాలుగు. ప్రమోషన్ విలువ 80 డాలర్లకు దగ్గరవుతుంది. ఆడిన మొత్తం పెరిగినకొద్దీ యంత్రం తీసుకునే కొంచెం కోతను ఇందులోంచి మినహాయించుకోవాలి. తిరిగి ఇచ్చే సొమ్మును వారానికి పాతిక చొప్పున నాలుగు వారాలు ఇస్తామంటే, ఆ ఊళ్లో ఉండేవాడికే అది పూర్తిగా దక్కుతుంది. పదిరోజులకు వెళ్లిన చుట్టానికి సగమే.

కానుకలు, భోజనాల గురించి ఎక్కువ చెప్పను. ఆ వస్తువును మీరు సొంత డబ్బుతో ఎంతకు కొనుక్కునేవారో అంతే రాయండి. కొనేవారే కాకపోతే సున్నా రాయండి.

మిగిలే డబ్బు ఎంత, ఊగిసలాట ఎంత

ఇప్పటిదాకా శాతాలు చూశాం. ఇక డబ్బు చూద్దాం. ఆరు రెట్ల పాయింట్ల దినాన, పావు డాలరు 9/6 యంత్రంలో మొగ్గు 0.29 శాతం, గంటకు 875 డాలర్ల మీద అది 2.54 డాలర్లు. డాలరు యంత్రంలో గంటకు 3,500 తిరుగుతాయి కనుక 10.15 డాలర్లు. తప్పు లేకుండా, అలసట లేకుండా ఆడినప్పటి మాట ఇది.

దీని పక్కనే ఊగిసలాటను పెట్టి చూడాలి. 9/6లో ఒక్కొక్క ఆటకు ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు నుంచి ఎంత దూరం పోతుంటాయో చెప్పే కొలత) సుమారు 4.42 పందేలు. ఐదు గంటలలో 3,500 ఆటలు ఆడితే ఆ సంఖ్య వర్గమూలం 59, 4.42తో గుణిస్తే 261 పందేలు. పావు డాలరు యంత్రంలో 327 డాలర్లు. ఆశించిన లాభం పన్నెండున్నర డాలర్లు, ఊగిసలాట 327. ఆశించిన లాభం ఒక ప్రామాణిక విచలనంతో సమానం కావాలంటే దాదాపు 23 లక్షల ఆటలు ఆడాలి; అంటే సుమారు 3,300 గంటలు. ఆటలు పెరిగినకొద్దీ సగటు ఫలితం లెక్కకు దగ్గరవుతుందన్న పెద్ద సంఖ్యల సూత్రాన్ని తరగతిలో చెప్పినప్పుడు ‘పెద్ద’ అంటే ఎంత పెద్ద అని పిల్లలు అడిగేవారు. ఇది వారికి మంచి జవాబు.

ఈ ఊగిసలాటలో పెద్ద భాగం రాయల్ ఫ్లష్‌ది. అది సుమారు 40,391 ఆటలకు ఒకసారి వస్తుంది, 99.54లో 1.98 దానివల్లనే. రాయల్ రాని కాలమంతా మీరు ఆడుతున్నది 97.56 ఆట. 40,391 ఆటలు ఆడినా ఒక్కటీ రాని అవకాశం నూటికి 37. లక్షా ఇరవై వేల ఆటలు ఆడినా రానివారు నూటికి ఐదుగురు ఉంటారు. ఇంటి ఖర్చు డబ్బుతో, పిల్లల ఫీజు డబ్బుతో ఈ కాలాన్ని దాటడం అసాధ్యం. వృత్తిగా ఆడేవారు ఆటకు వేరే మూలధనం పెట్టుకుంటారు. ప్రమోషన్ ఎంత మంచిదైనా ఆ మూలధనానికి తగిన స్థాయి యంత్రం దాటి పైకి వెళ్లరు. మూలధనం అప్పు తెచ్చినదైతే ఈ వ్యాసం ఇక్కడితో మూసేయవలసిందిగా నేను గట్టిగా చెబుతాను. పోయిన డబ్బు వెంటబడి నిద్ర మానుకుని ఆడుతున్నవారికి కూడా ఇదే మాట. వారికి కావలసింది వైద్యుడి సలహా, పట్టిక కాదు.

పన్ను, ముఖ్యంగా మన దేశం నుంచి వెళ్లినవారికి

ఈ భాగాన్ని దాటవేసేవారే ఎక్కువ. మిగిలే మొగ్గు 0.29 శాతమే అయినప్పుడు పన్ను చిన్న విషయం కాదు.

అమెరికాలో పన్ను కట్టే నివాసికి, యంత్రంలో ఒకే గెలుపు ఒక పరిమితి దాటితే డబ్ల్యూ-2జీ అనే ఫారం ఇస్తారు. చిరకాలం 1,200 డాలర్లుగా ఉన్న ఆ పరిమితి 2026 నుంచి 2,000 డాలర్లయింది. అదే 2026 నుంచి జూదంలో పోయిన సొమ్ములో 90 శాతాన్ని మాత్రమే గెలుపుల నుంచి మినహాయించుకోనిస్తారు. ఏడాదిలో గెలుపులు 50,000, నష్టాలు 48,000 అనుకోండి. నిజంగా మిగిలింది 2,000. మినహాయింపు 43,200కే దొరుకుతుంది కనుక పన్ను పడేది 6,800 మీద. తక్కువ మొగ్గుతో ఎక్కువ డబ్బు తిప్పే వీడియో పోకర్ ఆటగాడికి ఇంతకన్నా కష్టమైన నిబంధన లేదు. ఆడడం మొదలుపెట్టే ముందే పన్ను నిపుణుడితో మాట్లాడాలి.

పర్యాటకుడిగా వెళ్లిన భారతీయుడి పరిస్థితి ఇంకా కఠినం. నివాసి కానివారి యంత్రపు గెలుపుల మీద 30 శాతం పన్ను ఉంది. నష్టాల మినహాయింపు లేదు. డాలరు యంత్రంలో రాయల్ వస్తే 4,000 డాలర్లు; అందులో 1,200 అక్కడికక్కడే పట్టుకుని 1042-ఎస్ అనే ఫారం చేతికి ఇస్తారు. రాయల్ వాటా అయిన 1.98లో 30 శాతమంటే 0.59. ఆ ఒక్క కోతతోనే 99.54 కాస్తా 98.95 అవుతుంది, ఆరు రెట్ల పాయింట్లు కలిపినా 99.70. పావు డాలరు యంత్రంలో రాయల్‌కు వచ్చేది 1,000 కనుక యంత్రం ఆగదు, ఫారం రాదు. అయినా పన్ను బాధ్యత పోయిందని అర్థం కాదు. మన దేశంలో నివాసిగా ఉన్నవారు ఇక్కడి రిటర్నులో కూడా ఆ గెలుపు చూపాలి. ఇక్కడ కూడా జూదపు గెలుపులకు రేటు 30 శాతమే. కాబట్టి పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు ఒకటి రెండు రోజులు సరదాగా పావు డాలరు యంత్రం ముందు కూర్చోవచ్చునేమో గాని, ప్రమోషన్‌తో లాభం తీయాలన్న లెక్క వారికి కుదరదు. ఈ పద్ధతి అక్కడ స్థిరపడినవారికే.

ఇక క్యాసినో ఎదురుచర్య గురించి. లాభం తీసే ఆటగాడిని అది గుర్తుపట్టగలదు. ఆడేటప్పుడు యంత్రంలో పెట్టే సభ్యత్వ కార్డులో, అంటే ప్లేయర్స్ క్లబ్ కార్డులో, ప్రతి ఆటా నమోదవుతుంది. అది తన హక్కు మేరకు ఉత్తరాలు పంపడం ఆపవచ్చు, ప్రమోషన్ల జాబితా నుంచి మీ పేరు తీసివేయవచ్చు. మారుపేరు కార్డులు, వేరొకరి కార్డుతో ఆడడం వంటివి మోసం కిందికి వస్తాయి కనుక వాటి జోలికి పోకూడదు. ప్రమోషన్ ఉన్న రోజు మాత్రమే వచ్చి, అది అయిపోగానే లేచిపోయేవాడు త్వరగా కంటబడతాడు. కొందరు దానికోసం మామూలు రోజుల్లో కొంచెం ఆడతారు. ఆ మామూలు ఆటకు అయ్యే 0.46 శాతాన్ని కూడా ఖర్చుగా రాయాలి.

రాయడమంటే నిజంగా పుస్తకంలో రాయడం. నా శిష్యుడికి ఇక్కడి గంటస్తంభం దగ్గర దుకాణంలో కొన్న పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి ఇచ్చాను. తేదీ, యంత్రం స్థాయి, పట్టిక, మొదలుపెట్టిన సమయం, లేచిన సమయం, కాయిన్ ఇన్, ప్రమోషన్ శాతం, లెక్క ప్రకారం రావలసింది, నిజంగా వచ్చింది అని తొమ్మిది గడులు గీయించాను. ‘పట్టిక’ గడిని యంత్రం ముందు కూర్చున్నాక, మొదటి నోటు పెట్టకముందే నింపాలని నియమం. పన్ను కోసం కూడా ఆ పుస్తకమే ఆధారం.

పోయిన నెల ఫోను చేసి ఒక వరుస చదివి వినిపించాడు. మంగళవారం, ఆరు రెట్ల పాయింట్లు, ఎప్పుడూ ఆడే యంత్రమే. నియమం ప్రకారం పట్టిక రాయబోతే ఫ్లష్ ఎదురుగా ఆరుకు బదులు ఐదు కనబడిందట. 98.45కు 0.75 కలిపితే 99.20. ఆ వరుసలో మిగిలిన గడులను ఖాళీగా వదిలేసి, కార్డు బయటకు లాగి, ఇంటికి వెళ్లిపోయానని చెప్పాడు.